వెయ్యిలో ముగ్గురు

మార్చి 3, మంగళవారం

ఉదయం పదకొండుంబావుకి గుచ్చుకుంది. ఎడమచేతి చూపుడువేలు. గ్లౌజు లోపల ఆవగింజంత ఎర్రటి చుక్క.

ఎవరి తప్పూ కాదు. కుట్టుపనావిడ ఎనిమిది నెలల తర్వాత ఈరోజే మళ్ళీ మా హెచ్ఐవీ క్లినిక్ గడప తొక్కింది. మందులు ఎప్పుడో మానేసిందట. రక్తం తీసే అమ్మాయి సెలవులో ఉంటే నేనే తీశాను. సూది బయటికి లాగుతుండగా కిటికీ అవతల ఆవిడ వీధివాళ్ళెవరో నడిచి వెళ్ళారు. ముఖం దాచుకోబోయి చటుక్కున చెయ్యి లాక్కుంది. అంతే, రెప్పపాటు.

మా సీనియర్ నర్సుని సూపరింటెండెంటుతో సహా అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయింది.

"పిండకండి. సబ్బు రాయండి. నోట్లో పెట్టుకోకండి చిన్నపిల్లలా."

"నాకు తెలుసు పెద్దక్కా."

"తెలిసినవాళ్ళకే ఇలాంటప్పుడు మతి పోయేది. చెయ్యి కిందికి పెట్టండి."

గంట తిరక్కముందే మొదటి మాత్ర వేసుకున్నాను. రోజుకొకటి, ఇరవై ఎనిమిది రోజులు. ఆరు వారాలకి ఒక పరీక్ష, మూడు నెలలకి ఇంకొకటి. ఈ మాటలు నేను వారానికి పదిసార్లు ఎవరో ఒకరికి చెప్తూనే ఉంటాను. ఇవాళ పెద్దక్క నాకు చెప్తుంటే మొదటిసారి విన్నట్టుంది.

ఇలా గుచ్చుకున్నవాళ్ళలో వెయ్యికి ముగ్గురికి సోకుతుంది. మందు వేసుకుంటే ఇంకా తక్కువ. భయపడాల్సిందేమీ లేదు. భయపడటం లేదు.

ఇరవయ్యో తారీఖు నుంచి సెలవు. ఇంటికి వెళ్ళి తొమ్మిది నెలలైంది. మా ఆయనకి రేపు చెప్తాను.

మార్చి 4, బుధవారం

రేపు చెప్తాను.

మార్చి 5, గురువారం

ఫోన్లో ముందు పిచ్చుకే మాట్లాడింది. దానికి ఆరేళ్ళు. ఒక్క క్షణం ఒకచోట నిలబడదు కాబట్టి ఇంట్లో అదే పేరు స్థిరపడిపోయింది.

"అమ్మా, ఇంకా ఎన్ని నిద్రలు?"

"పదిహేను నిద్రలు."

"మధ్యాహ్నం కూడా పడుకుంటే?"

"అప్పుడు కూడా పదిహేనే."

"అది మోసం," అంది. ఫోన్ నాన్నకిచ్చేసి పరిగెత్తింది. ఆయన నవ్వుతూ, "గొంతు అలా ఉందేం?" అన్నాడు. జలుబన్నాను.

మార్చి 8, ఆదివారం

"కాస్త వికారంగా ఉంటుందమ్మా, వారంలో సర్దుకుంటుంది" అని ఎంతమందికి చెప్పానో. కాస్త కాదు. పొద్దున లేస్తే గది మొత్తం నాతోపాటు లేస్తోంది. తల దిమ్ముగా ఉంటోంది. క్లినిక్‌కి వచ్చేవాళ్ళు మందు మొదలెట్టిన రెండోవారంలో నా ఎదురుగా కూర్చుని, "ఏదోలా ఉంది డాక్టరమ్మా" అంటే, "ఏదోలా అంటే ఎలా?" అని గద్దించేదాన్ని. ఏదోలా అంటే ఏదోలాగే. ఇంకో మాట లేదు దానికి.

కలలు మాత్రం రంగురంగులుగా వస్తున్నాయి. మా ఇంటి తలుపు తెరుచుకుంది, పిచ్చుక పరిగెత్తుకుంటూ వస్తోంది, నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

మందు వల్ల వచ్చే కలలు. పుస్తకంలో కూడా రాసి ఉంది.

మార్చి 10, మంగళవారం

కుట్టుపనావిడ రిపోర్టు వచ్చింది. ఒక్క మిల్లీలీటరు రక్తంలో నాలుగు లక్షల పైచిలుకు వైరస్. ఇన్నాళ్ళు మందు లేకపోతే అంతే ఉంటుంది మరి.

రిపోర్టు కోసం ఇవాళ రావాలి. రాలేదు. పెద్దక్క ఆవిడ ఫైలు బల్ల చివరికి జరిపి నా ముఖం చూసింది. నేను తర్వాతి వాళ్ళని పిలిచాను.

వేలు మానిపోయింది. ఎక్కడ గుచ్చుకుందో వెతికినా కనపడదు.

మార్చి 12, గురువారం

సెలవు వదులుకున్నాను. పక్క ఊరి క్లినిక్ డాక్టరుకి నా వంతు ఇచ్చేశాను. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నా ఏడాది ఒప్పందం జూన్ మొదటివారానికి పూర్తవుతుంది. అప్పటిదాకా ఇక కదలడానికి లేదు.

ఇదే మంచిది. మందుల కోర్సు మధ్యలో ప్రయాణం ఎందుకు? పైగా ఇక్కడ పని కుప్పలా పడి ఉంది. మాత్ర రైల్లో కూడా వేసుకోవచ్చు, అది వేరే సంగతి.

ఆయనతో, "బదులు డాక్టరు దొరకలేదండీ" అన్నాను. "సరే. పిచ్చుకకి నువ్వే చెప్పు" అన్నాడు.

మార్చి 13, శుక్రవారం

పిచ్చుక ఫోన్ దగ్గరికి రాలేదు.

మార్చి 17, మంగళవారం

ఇవాళ ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. జబ్బు సంగతి తెలిసి రెండు నెలలే అయింది. అంతా అయ్యాక లేవకుండా టోపీ చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

"మావాడు నా పక్కనే పడుకుంటానంటాడండీ. నాలుగేళ్ళు. రోజూ ఏదో వంక చెప్పి వాళ్ళమ్మ దగ్గరికి పంపేస్తున్నాను."

"ఎందుకు?"

"నా చెమట... అదీ..."

చెప్పాను. చెమటతో రాదు, ముద్దు పెడితే రాదు, ఒక కంచంలో తింటే రాదు, ఎంగిలితో రాదు. పక్కన పడుకోబెట్టుకోండి, గట్టిగా పట్టుకుని పడుకోండి. ఆయన ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుని, "ఈ మాట మొదట్లోనే ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. నేనే చెప్పాను, రెండు నెలల కిందట, ఇదే కుర్చీలో కూర్చోబెట్టి. చెవికెక్కలేదంతే.

ఆయన వెళ్ళాక తర్వాతి చీటీ పిలవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మార్చి 20, శుక్రవారం

రైల్వే స్టేషనుకి వెళ్ళే ఆరున్నర బస్సు నా గది ముందునుంచే వెళుతుంది. ఇవాళ కూడా వెళ్ళింది.

మార్చి 24, మంగళవారం

మూడు వారాలుగా రాకపోతే ఇంటికి వెళ్ళి చూడటం పెద్దక్క పని. ఈసారి నేను వెళతానన్నాను. వద్దనలేదు. "బండి స్టాండులో పెట్టి నడిచి వెళ్ళండి. ఆసుపత్రి బండి గుమ్మంలో ఆగితే వీధికంతా తెలుస్తుంది" అంది.

స్టేషనరీ కొట్టు వెనకాల ఒకే గది. నేలంతా బడిపిల్లల నీలం గౌన్లు, కుట్టినవి ఒకవైపు, కుట్టాల్సినవి ఇంకోవైపు. నన్ను చూడగానే మిషన్ మీద కాలు ఆగిపోయింది.

"తలుపు వేసెయ్యండి," అంది. వేశాను. "నామీద కేసు పెట్టారా?"

"కేసేమిటి?"

"డాక్టరుకి అంటించాను కదా."

"అంటలేదు. అంటకుండా ఉండటానికే మందు వేసుకుంటున్నాను. కూర్చోమంటారా, నిలబడే మాట్లాడమంటారా?"

స్టూలు మీది గౌన్లు తీసి చోటిచ్చింది. తల ఎత్తకుండా, "పదహారేళ్ళ నుంచి సూదితోనే నా బతుకు. ఇంతవరకూ ఒక్కళ్ళకి గుచ్చలేదు. ఇప్పుడు మిషన్ తొక్కుతుంటే ఆ గ్లౌజులో చుక్కే కనపడుతోంది," అంది.

మందులేవి అని అడిగితే బొత్తాల డబ్బా అడుగునుంచి తీసింది. మార్చి మూడున మేమిచ్చిన సీసా. మూత సీలు కూడా తియ్యలేదు.

"మీరు నా వల్ల ఇవే మింగుతుంటే, నేను ఏ ముఖం పెట్టుకుని మింగను?"

"ఈ ముఖం పెట్టుకునే."

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఎందుకు మానేసిందో అప్పుడు చెప్పింది. భర్త ఓడమీద పనిచేస్తాడు. కిందటేడు రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. అతనికి కనపడకుండా సీసా ఎక్కడ దాచాలో తెలియక మానేసింది. అతను వెళ్ళాక, ఇక వస్తే మేం తిడతామని రాలేదు.

నా మాత్ర వేళయింది. సంచిలోంచి తీశాను. "కలిసి వేసుకుందాం," అన్నాను. గదిలో ఒక్కటే గ్లాసు. ఆవిడ సగం తాగి కడగబోయింది. చేతిలోంచి లాక్కుని మిగతా సగం నేను తాగాను. క్షణం కూడా ఆలోచించలేదు. ఆవిడ ఎంగిలి నేను తాగగలను. నా ఎంగిలి పిచ్చుక తాగుతుందంటేనే.

సరే.

"ఏప్రిల్ ఇరవైకి మా ఆయన ఓడ దిగుతాడు," అంది.

"ఈసారి చెప్పాలి. ఆయన కూడా పరీక్ష చేయించుకోవాలి. కావాలంటే ఇద్దరూ క్లినిక్‌కి రండి, నేనూ పక్కన ఉంటాను..." రోజూ చెప్పే పాఠం అప్పజెప్పేస్తున్నాను.

"మీ ఇంట్లో చెప్పారా?"

దారపుకండెల వైపు చూశాను. ఎన్ని రంగులో.

"లేదు."

"మరి?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. "ముందు మీరు చెప్పండి డాక్టరమ్మా. ఎలా చెప్పాలో నాకూ తెలుస్తుంది," అంది.

మార్చి 30, సోమవారం

ఆఖరి మాత్ర. ఖాళీ సీసా పారేద్దామని పక్కన పెట్టాను. ఆవిడకి, డ్రైవరుకి, మా రిజిస్టరులో ఉన్న పదకొండు వందల మందికి ఆఖరి మాత్ర అనేది ఉండదు. నాకు ఇరవై ఎనిమిదికే ప్రాణం విసిగింది.

ఏప్రిల్ 2, గురువారం

చెప్పాను.

సాయంత్రం నాలుగున్నరకి, ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చుని. ఆయన బడినుంచి వచ్చే వేళ. సూది అన్నాను, మాత్రలు అన్నాను, తారీఖులు చెప్పాను. రోగుల్లో ఎవరికో చెప్తున్నట్టే వరుసగా చెప్పుకుపోయాను.

"అవకాశం ఎంత?" అన్నాడు. లెక్కల మాస్టారు మరి.

"వెయ్యిలో ముగ్గురికి. మందు వేసుకున్నాను కాబట్టి ఇంకా తక్కువ."



"అంటే మిగతా తొమ్మిది వందల తొంభై ఏడు మంది ఇంటికెళ్ళారన్నమాట. నువ్వెందుకు రాలేదు?"

"పిచ్చుకని దగ్గరికి తీసుకోవాలంటే..."

"ముట్టుకుంటే రాదని ఊరందరికీ చెప్పేది నువ్వే కదా?"

"అవును."

"మరి?"

ఆవిడా అదే అడిగింది, ఈయనా అదే అడిగాడు.

"డాక్టరు దొరకలేదన్నావు. నేను నమ్మాను. నమ్మి, 'అమ్మకి పనుందే' అని దాన్ని ఓదార్చాను. నీకు గుచ్చుకుందని కాదు నా కోపం. నీకు ఒంట్లో బాగాలేని నెల రోజులూ నేను ఎవరోలా ఉన్నాను చూడు, అందుకు."

ఫోన్ పెట్టేశాడు.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఫోన్ రాలేదు.

ఏప్రిల్ 4, శనివారం

రాలేదు. నేనూ చెయ్యలేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

చేశాడు. "కోపం తగ్గి చెయ్యలేదు. మూడు రోజులైంది నీ గొంతు విని, అందుకు చేశాను."

ఏడవకూడదనుకున్నాను. ఏడిస్తే ఆయన ముందు ఓడిపోయినట్టుంటుందని కాదు, మాటలు వినపడవని.

"మాత్ర ఎంతుంటుంది?" అన్నాడు. చెప్పాను. "మింగలేవు కదా నువ్వు అంత పెద్దవి. తలనొప్పి మాత్రే సగం విరిచి మింగుతావు."

"విరవకూడదిది."

"ఎలా మింగావే మరి, ఒక్కదానివీ?"

దీనికంటే ఆ మూడు రోజుల మౌనమే తేలికగా ఉంది.

ఏప్రిల్ 14, మంగళవారం

ఆరు వారాల పరీక్ష. పెద్దక్క చేసింది. సోకకపోతే ఒక గీత, సోకితే రెండు. పావుగంట ఆ పరీక్ష ముక్కనే చూస్తూ కూర్చున్నాం. రోజూ నా ఎదుట కూర్చునేవాళ్ళకి ఆ పావుగంట ఎంతసేపుంటుందో ఇన్నేళ్ళూ తెలియలేదు.

ఒకటే గీత.

"ఇంక ఊపిరి పీల్చుకోండి," అంది పెద్దక్క. జూన్ పరీక్ష కూడా అయితేనే ఖాయమన్నాను. "అంతవరకూ ఊపిరి బిగబట్టుకుంటారా?"

ఏప్రిల్ 24, శుక్రవారం

కుట్టుపనావిడ వచ్చింది. ఎప్పుడూ చివరి బెంచీలో గోడవైపు తిరిగి కూర్చునే మనిషి ఇవాళ మొదటి బెంచీలో కూర్చుంది. ముఖం కూడా దాచుకోలేదు.

"చెప్పేశాను," అంది.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. సాయంత్రందాకా గుమ్మంలో కూర్చున్నాడు. అరిచినా బాగుండేది. మర్నాడు పొద్దున పెట్టె సర్దుకున్నాడు. నెలన్నర సెలవుందట. మూడోరోజుకే ఓడ ఎక్కేశాడు."

నేను ఆవిడ ఫైలు దగ్గరికి లాక్కున్నాను.

"మీ ఆయన ఏమన్నాడు డాక్టరమ్మా, మీరు చెప్పినప్పుడు?"

అబద్ధం చెప్పబోయాను. "మూడు రోజులు మాట్లాడలేదు."

"మూడు రోజులేనా," అంది. అసూయ లేదు ఆ గొంతులో. దూరంగా ఎవరింట్లోనో దీపం వెలుగుతుంటే చూసి, బాగుందే అన్నట్టు అంది.

నెలకి సరిపడా మాత్రలు తీసుకుంది. ఒక్కరోజు కూడా మానలేదట.

పెద్దక్కతో అన్నాను, నేను ఆవిడతో బేరం పెట్టుకున్నట్టయింది, నా మాట విని సంసారం పోగొట్టుకుంది అని. పెద్దక్క రిజిస్టరు మూసింది. "అతని ఒంటికి ఏమైందో తెలుసుకునే హక్కు అతనికుంది. ఆవిడకి ఇల్లు నిలుపుకోవాలనీ ఉంది. రెండూ నిజమే. రెండూ మన చేతుల్లో ఉంటే ఇక్కడ ఈ బెంచీలెందుకు?"

అయినా మనసొప్పడం లేదు.

మే 9, శనివారం

పిచ్చుకకి ముందుపన్ను ఊడింది. 'స' పలకడం లేదు. "అమ్మా, థాయంత్రం ఫోన్ చెయ్యి" అంటోంది. నేను లేకుండానే ఊడింది, నేను లేకుండానే కొత్తది వస్తుంది. మధ్యలో ఈ 'థ' ఒక్కటైనా నా చెవిన పడిందని సంబరం.

ఆయన చొక్కా కుడిచేతి మడతలో ఎప్పుడూ సుద్దపొడి ఉంటుంది. ఉతికే ముందు దులుపుతూ రోజూ విసుక్కునేదాన్ని. ఇవాళ పెద్దక్క బోర్డు మీద మందుల స్టాకు రాస్తుంటే ఆ పొడి వాసన తగిలింది. చీటీ చూస్తున్నట్టు తల వంచుకుని అలాగే ఉండిపోయాను. ఎదురుగా ఉన్న ముసలాయన, "రాతేమైనా అర్థం కాలేదా అమ్మా?" అన్నాడు.

మే 19, మంగళవారం

కుట్టుపనావిడ పని లేకపోయినా వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. భర్త ఏదో రేవు నుంచి ఫోన్ చేశాడట.

"ఆ పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగాడు. ఏ రేవులోనైనా పెద్దాసుపత్రిలో చేస్తారని చెప్పాను. సరే అన్నాడు. ఎలా ఉన్నావని కూడా అడగలేదు."

"మరి?" నాకూ ఆ మాటే వచ్చింది.

"ఫోన్ పెట్టెయ్యలేదు డాక్టరమ్మా. చాలాసేపు అలాగే ఉన్నాడు. అక్కడ సముద్రం హోరు, ఇక్కడ నా మిషన్ చప్పుడు. నేనూ కాలు ఆపలేదు. ఆపితే పెట్టేస్తాడేమోనని."

జూన్ 2, మంగళవారం

ఒకటే గీత. మూడు నెలలు పూర్తయ్యాయి. ఇక పరీక్షలు లేవు. పెద్దక్క నా ఎడమచేతిని తన రెండు చేతుల మధ్య కాసేపు ఉంచుకుంది. ఆయనకి ఫోన్ చేస్తే, "తొమ్మిది వందల తొంభై ఏడులో ఒకదానివన్నమాట," అన్నాడు. గొంతు బొంగురుపోయింది. జలుబట.

కుట్టుపనావిడ రిపోర్టు కూడా ఇవాళే చూశాం. నాలుగు లక్షలున్నది యంత్రానికి అందనంత తక్కువకి పడిపోయింది. ఇలాగే ఉంటే భర్తకి సోకే భయం లేదని చెప్పాను. కాగితం తీసుకుని వెలుగుకి ఎత్తి, గుడ్డ నేత చూసినట్టు చూసింది.

"ఫోటో తీసి ఆయనకి పంపనా?"

"పంపండి. ఆయన పరీక్ష సంగతి తెలిసిందా?"

"చేయించుకున్నాడు. లేదట. మళ్ళీ ఒకసారి చేయించుకోమన్నారట." కాగితం నాలుగు మడతలు పెట్టింది. "వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు."

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "శుక్రవారమే కదా మీ ప్రయాణం? పాపకి గౌను కుడతాను. ఎంత ఎత్తుంటుంది?"

లేచి నిలబడ్డాను. నా నడుము దగ్గర చెయ్యి పెట్టాను. అది నేను బయల్దేరిన రోజు లెక్క. కాస్త పైకి తీశాను. మరీ ఎక్కువేమో అనిపించి దించాను. ఏడాదిలో పిల్లలు ఎంత పెరుగుతారో డాక్టరుగా సెంటీమీటర్లలో చెప్పగలను. నా కూతురు ఎక్కడిదాకా వస్తుందో చెయ్యి పెట్టి చూపించలేకపోయాను.

"ఫోన్ చేసి అడుగుతానుండండి."

"వద్దులెండి," అంది ఆవిడ నా చేతివైపు చూస్తూ. "అడుగున మడత ఎక్కువ ఉంచుతాను. పొట్టయితే విప్పుకోవచ్చు."

జూన్ 6, శనివారం

ఇల్లు.

రైలు దిగేసరికి ఇద్దరూ ఉన్నారు కానీ ఆయన ఒక్కడే ముందుకొచ్చాడు. పిచ్చుక ఆయన వెనక నక్కి, చొక్కా పట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. పిలిచినా రాలేదు. పరిగెత్తుకుని వస్తుందనుకున్నాను. ఇన్ని నెలలూ దాన్ని ముట్టుకోవడానికి నేను భయపడ్డాను, అది నా దగ్గరికి రావడానికి భయపడుతుందని తట్టనేలేదు.

ఇంటికొచ్చి గంటన్నరయ్యాక, నేను అడక్కుండానే వచ్చి ఒళ్ళో కూర్చుంది. బరువెక్కింది. నా గ్లాసులో నీళ్ళు గటగటా తాగేసింది. తాగనిచ్చాను.

గౌను పొట్టయింది. ఆవిడ ఉంచిన మడత మొత్తం విప్పాను. అయినా ఇంకో నాలుగు వేళ్ళు తక్కువే. "పక్కింటి పాపకిచ్చేద్దామా?" అంటే, "నాదే," అని రెండు చేతులతో పట్టుకుని, అదే వేసుకుని పడుకుంది.